మగ్గపు మోతలో చదువు

నగరి పట్టణములోను, ఏకాంబరకుప్పములోను మరమగ్గములాడు వీథులలో, నాడె అటునిటు కొట్టుకొనుచు చేయు మోతకు ఎదుటివాని పలుకు వినబడక నేతగాండ్రు సైగలతోనే పని చక్కబెట్టుకొందురు; గోడకావల పరీక్షకు కూర్చున్న పిల్లవాడు గొంతెత్తి చదివినను ఆ పాఠము తన చెవికే చేరదు. మార్కులు తగ్గినచో మాత్రము వానికి శ్రద్ధ లేదందుము! న్యూయార్కులోని ఒక బడిలో, రైలుపట్టాల వైపు గదులలో కూర్చున్న విద్యార్థులు పఠనమున వెనుకబడిరని 1975లో ప్రకటితమైన పరిశోధన చూపెను. పట్టాలకు రబ్బరు పరచి, గదుల కప్పులకు ధ్వనినిరోధకములు అమర్చిన పిదప ఆ వ్యత్యాసము మాసిపోయెను. పిల్లల చదువుకై మగ్గమును కొంతసేపు ఆపుమందమా, మీటరు లెక్కన కూలి పుచ్చుకొను నేతగానికి విశ్రమించిన గడియ కూలి లేని గడియయే గనుక, విశ్రాంతిని గూర్చి అతనికి బోధించుట నాకు ఎగతాళిగనే తోచును. మగ్గముల క్రింద రబ్బరు దిండ్లు, రాత్రి తొమ్మిదివరకు పిల్లల చదువులకై తెరచియుంచిన బడిగదులు, ఇవి పురపాలక సంఘమునకు తలకుమించిన పనులు కావు.