రెచ్చగొట్టింది ఎవరు?

"పాపం, వాళ్లంతా మంచివాళ్లేనండీ. ఆ యూనియన్ వాళ్లే రెచ్చగొడుతున్నారు."

సంక్రాంతికి మా అపార్టుమెంటులో సన్మానం జరిగింది. మా వీధి ఊడ్చే ముగ్గురు ఆడవాళ్లకు శాలువాలు కప్పారు. తలా ఒక స్టీలు క్యారేజీ ఇచ్చారు. ఫొటోలు దిగారు. వాళ్లు గేటు దాటారో లేదో, టీ తాగుతూ ఒక రిటైర్డ్ అధికారి ఈ మాట అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు అవునవునని తలలూపారు. ఆ పూట నేను గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. ఇది ఆయన ఒక్కరి మాటే అయితే వదిలేసేవాణ్ణి. మున్సిపల్ కార్మికులు సమ్మె నోటీసు ఇచ్చిన ప్రతిసారీ నలుగురు చేరిన చోటల్లా ఇదే మాట.

రెచ్చగొట్టడమట! ఆ అధికారి సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఉద్యోగ సంఘానికి చందా కట్టారు. వేతన సవరణ (పీఆర్సీ) ఆలస్యమైతే ధర్నాలో కూర్చున్నారు. ఇవాళ నెలనెలా అందుకునే పెన్షన్‌లో, డీఏలో ఆ సంఘం నాయకులు సచివాలయంలో బల్లకు ఎదురుగా కూర్చుని సాధించింది కొంతైనా ఉంది. 2022 ఫిబ్రవరిలో ఉద్యోగులు వేలాదిగా చలో విజయవాడకు తరలివస్తే, పాపం వీళ్లకేమీ తెలియదు, ఎవరో రెచ్చగొట్టారు అని ఆయన అన్నారా? అనలేదు. హక్కు కోసం కదిలారన్నారు. కుర్చీలో కూర్చునేవాడు అడిగితే హక్కు, చీపురు పట్టినామె అడిగితే రెచ్చిపోవడం! ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మనందరికీ తెలుసు. ఆ పనిలోకి తరతరాలుగా ఏ కులాలను నెట్టామో తెలిసినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు.

తెల్లవారుజామున చీకట్లో మస్టర్ వేయించుకోవడానికి పరుగెత్తే మనిషికి తన జీతం సంగతి ఇంకొకరు చెప్పాలా? ముఖం చూపించే యాప్ పనిచేయక హాజరు పడకపోతే ఆ రోజు కూలి ఏమవుతుందోనన్న బెంగ ఆమెది. పుష్‌కార్ట్ చక్రం విరిగితే భుజంతో నెట్టేది ఆమె. సబ్బులు, కొబ్బరినూనె, చెప్పులు ఎన్ని నెలలుగా ఇవ్వలేదో వేళ్ల మీద లెక్క చెప్పేది ఆమె. సంఘం అంటే ఎక్కడి నుంచో దిగొచ్చిన దండు కాదు. మస్టర్ దగ్గర టీ బండి పక్కన పది మంది నిలబడి మాట్లాడుకోవడం. చందా రసీదు పుస్తకం పట్టుకుని వార్డు వార్డూ తిరగడం. తోటి కార్మికుడు పనిలో చనిపోతే అతని భార్యను వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం. ఇదంతా చేసేది పొద్దున రోడ్డు ఊడ్చిన చేతులే.

ఇక శాలువాల సంగతికి వస్తాను. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. 2019 ఫిబ్రవరిలో ప్రయాగరాజ్ కుంభమేళాలో ప్రధానమంత్రి ఐదుగురు పారిశుద్ధ్య కార్మికుల పాదాలు కడిగారు. కరోనా వేళ, 2020 మార్చి 22 సాయంత్రం దేశమంతా మేడలెక్కి చప్పట్లు కొట్టింది. వీరులన్నాం, యోధులన్నాం, దేవుళ్లన్నాం. దేవుడైతే జీతం అడగడు కదా! 2025 ఆగస్టులో చెన్నైలో రెండు జోన్ల చెత్తపనిని ప్రైవేటు కంపెనీకి అప్పగించడాన్ని వ్యతిరేకిస్తూ కార్మికులు రిప్పన్ బిల్డింగ్ ముందు దాదాపు రెండు వారాలు రోడ్డు మీదే పడుకున్నారు. ఆ నగరాన్ని ఊడ్చేవాళ్లలో తరాల కిందట మన నేల నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో. 13వ తేదీ అర్ధరాత్రి పోలీసులు వాళ్లను ఈడ్చుకెళ్లి అరెస్టు చేశారు. మర్నాడు ప్రభుత్వం వాళ్లకు ఉచితంగా ఉదయపు భోజనం పెడతానని ప్రకటించింది. అడిగింది ఉద్యోగ భద్రత. ఇస్తానన్నది అన్నం. శాలువా అయినా, పాదపూజ అయినా, అన్నమైనా ఇచ్చేవాడి దయ. ఇష్టమైతే ఇస్తాడు, లేకపోతే మానేస్తాడు. ఒప్పందం అలా కాదు. అందులో రెండు సంతకాలుంటాయి. మాట తప్పితే నిలదీయడానికి ఒక కాగితం ఉంటుంది. చర్చలు ముగిశాక మినిట్స్ కాపీ చేతికిచ్చేదాకా, జీవో వచ్చేదాకా కార్మికులు పట్టుబట్టేది అందుకే.

వాళ్లకు దక్కినవి ఎలా దక్కాయో చూడండి. 2015 జూలైలో హైదరాబాద్ పారిశుద్ధ్య కార్మికుల జీతం 8,500 నుంచి 12,500 అయింది. సమ్మె చేస్తేనే అయింది. ఆ సమ్మెలోనే వందల మందిని పనిలోంచి తీసేశారు కూడా. వార్డులను ప్యాకేజీలుగా కాంట్రాక్టర్లకు కట్టబెట్టే 279 జీవో మీద 2018 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ కార్మికులు సమ్మెకు దిగారు. 2022 జూలైలో ఆరోగ్య అలవెన్సు కోసం మళ్లీ సమ్మె. దాని ఫలితం 15 వేల జీతం, 6 వేల అలవెన్సు. ఆ అలవెన్సును జీతంలో కలపమని, పర్మినెంట్ చేయమని 2023 డిసెంబరు 26న మరో సమ్మె. ప్రైవేటు మనుషులను తెచ్చి పోలీసు కాపలాతో చెత్త ఎత్తించాలని చూశారు. కార్మికులు అడ్డం నిలబడ్డారు. రెండు వారాలు గడిచి, పలు విడతల చర్చలు జరిగి, మంత్రులు ఒప్పందానికి వచ్చాకే చీపుర్లు పట్టారు. ఇందులో ఏ ఒక్కటైనా సన్మాన సభలో వచ్చిందా?

పండగపూట ఊరిని ఇబ్బంది పెడతారంటారు. కానీ ముందుగా నోటీసు ఇవ్వకుండా సమ్మె చేయడానికి చట్టం ఒప్పుకోదు. నోటీసు అందాక 14 రోజులు అధికారులు చర్చలకు పిలవకుండా ఏం చేస్తున్నారో ఎవరూ అడగరు. డబ్బుల్లేవంటారు. కూడళ్లలో ఫౌంటెన్లకు ఉన్న డబ్బు కాలువలో దిగే మనిషికి లేదా? ఎర్రజెండా రాజకీయమంటారు. తమ పక్కన నిలబడినవాడి జెండాను వాళ్లు పట్టుకున్నారు, అంతే.

ఇది మన దగ్గరి కథ మాత్రమే కాదు. 1968 ఫిబ్రవరిలో అమెరికాలోని మెంఫిస్‌లో చెత్త లారీ యంత్రంలో నలిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు. 1,300 మంది నల్లజాతి కార్మికులు పని ఆపారు. సంఘాన్ని గుర్తించేది లేదన్నాడు మేయరు. "నేను మనిషిని" అని అట్టల మీద రాసుకుని వాళ్లు వీధుల్లో నడిచారు. వాళ్లకు అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న ఆ ఊళ్లోనే కాల్చి చంపారు. అదే నెల 16న కుదిరిన ఒప్పందంలో జీతం పెంపుతో పాటు సంఘానికి గుర్తింపు కూడా ఉంది. జీతం ఒక్కటే కాదు, సంఘంగా కూర్చుని మాట్లాడే కుర్చీ కూడా వాళ్లు గెలుచుకున్నారు.

మరి ఏం చేయాలి? నోటీసు గడువు ముగియకముందే సంఘాలను పిలిచి కొత్త ఒప్పందం రాసుకోవాలి. మంత్రి నోటిమాట ఫలానా తేదీలోగా జీవో కావాలి. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. దాన్ని అమలుచేస్తే సగం గొడవ తీరుతుంది.

మా అపార్టుమెంటు వాళ్లకు, మీకు కూడా, నా విన్నపం ఒక్కటే. ఈసారి సమ్మె శిబిరం కనబడితే ముక్కు మూసుకుని పక్కనుంచి పోకండి. చెప్పులు విడిచి ఆ టార్పాలిన్ మీద పది నిమిషాలు కూర్చోండి. అందరికన్నా పెద్ద వయసున్న ఆమెను అడగండి, అమ్మా, మిమ్మల్ని ఎవరు రెచ్చగొట్టారని. ఆమె చెప్పేది చివరిదాకా వినండి.