ఒక్క స్క్రూ కోసం మెషిన్‌ను పాత ఇనుముకు వేద్దామా?



పోయిన మీటింగులో గుడియాత్తం కుట్టు క్లాసులోని నాలుగో మెషిన్‌ను పాత ఇనుముకు వేసి, దాతను చూసి కొత్తది తెద్దామని మాట వచ్చింది. క్లాసు చూసుకునే మేమూ తల ఊపాం. ఇంటికొచ్చాక మాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ మెషిన్‌ను పాడు చేసింది మేమే.

సూది దిగే చోట ఒక ప్లేటు ఉంటుంది. దాన్ని రెండు స్క్రూలు పట్టుకుని ఉంటాయి. ప్లేటు కింద నూలు దుమ్ము పేరుకుంటే గుడ్డను నెట్టే పళ్లు పైకి లేవవు, కుట్టు ఒకేచోట ముద్ద అవుతుంది. ప్లేటు తీసి బ్రష్‌తో తుడిస్తే చాలు. కానీ పైన సూది కడ్డీ, పాదం అడ్డం. మధ్యలో ఉన్న సందు నాలుగు వేళ్లు కూడా లేదు. మెషిన్‌తో వచ్చిన పొట్టి తిరుప్పుళి ఎప్పుడో పోయింది. మేము పొడుగుది పట్టుకుని వాలుగా పెట్టి తిప్పాం. జారింది. ఇంకా గట్టిగా తిప్పాం. మళ్లీ జారింది. జారిన ప్రతిసారీ గాడి అంచు కొంత అరిగింది. 1930లలో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ ప్లస్ గాడి స్క్రూను వాడకంలోకి తెచ్చాడు. దానిలో తిరుప్పుళి దానంతట అదే నడిమధ్యకు వచ్చి కూర్చుంటుంది. మన మైనస్ గాడిలో ఆ సౌకర్యం లేదు, నిటారుగా నిలబెట్టే పని మన చేతిదే.

మీటింగు తరువాత మళ్లీ కూర్చున్నాం. వేలూరు లాంగ్ బజార్‌లో గాడికి సరిగ్గా నిండే చిన్న బిట్టు ఒకటి కొన్నాం. సూది, పాదం తీసేశాం. స్క్రూ చుట్టూ ఒక చుక్క నూనె వేసి రాత్రంతా వదిలేశాం. మరునాడు బండి మెకానిక్ దగ్గర వాల్వులు అరగదీసే పేస్టు చిటికెడు అడిగి తెచ్చి గాడిలో పెట్టాం. దానిలోని గరుకు బిట్టుకు పట్టు ఇస్తుంది. అది లోపల పడితే మెషిన్‌నే అరగదీస్తుంది, కాబట్టి చుట్టూ గుడ్డ కప్పాం. పొడుగు పిడి లేదు గనుక బిట్టు ఆ సందులో నిటారుగా నిలిచింది. బొటనవేలితో గట్టిగా అదిమి, బిట్టు తోకకు చిన్న రింగ్ స్పానర్ తగిలించి, ముందు కొంచెం బిగించి, తరువాత వదులు చేశాం. టక్కుమంది. అంతే. పేస్టు అంతా తుడిచి, ప్లేటు కింద గట్టిపడిన దుమ్ము లాగేసి, కొత్త స్క్రూ వేశాం. ఇప్పుడు కుడుతోంది.

ఈ ఒక్క స్క్రూ వల్ల మూడు నెలలు ఎనిమిది మంది మూడు మెషిన్ల మీద సర్దుకున్నారు. అగ్గిపెట్టెల పని ముగించుకుని వచ్చే అక్క ఒకరు తన వంతు రాకుండానే బస్సు వేళైందని లేచి వెళ్లిన రోజులు మాకు తెలుసు. ఆమెకు మనం ఏమని చెబుదాం?

పెద్దలు ఒక మాట అన్నారు: మీకంత తీరిక ఉంది, అందరికీ ఉంటుందా, మెకానిక్‌కు ఇవ్వరాదా అని. న్యాయమే. ఇచ్చి చూశాం. మోసుకెళ్లాం, వారాలు తిరిగాం, చివరికి కొత్తది కొనుక్కోండి అన్నారు. మన తాతలు గుంట మగ్గంలో కూర్చున్న వాళ్లు. నాడె మొరాయించినా, తాడు తెగినా తామే దిగి సరిచేసుకున్నారు. పని ఆగితే కూలి ఆగుతుందని వాళ్లకు తెలుసు. మనకు తెలియడం లేదు, ఆగేది మన కూలి కాదు గనుక.

అసలు సంగతి ఒకటుంది. కొత్త మెషిన్ ఇస్తే దాని మీద దాత పేరు రాస్తాం, ఫోటో దిగుతాం. స్క్రూకు, బ్రష్‌కు, నూనెకు ఇచ్చిన వాళ్ల పేరు ఎక్కడ రాస్తాం? అందుకే మన లెక్కల్లో రిపేరు అనే పద్దే లేదు.

మా విన్నపం ఇది. ఈ ఏడాది లెక్కల్లో రిపేరు పద్దు పెట్టండి. దానికి ఇచ్చిన వారి పేర్లూ మీటింగులో చదవండి. పొట్టి తిరుప్పుళి, బిట్లు, బ్రష్, నూనె ఒక డబ్బాలో పెట్టి క్లాసులోనే ఉంచుదాం. నెలకోసారి నేర్చుకునే అక్కచెల్లెళ్లే ప్లేటు విప్పి తుడవాలి. కుట్టు నేర్పి మెషిన్ విప్పడం నేర్పకపోతే సగం పనే నేర్పినట్టు.

ఒక్క నియమం గోడ మీద రాద్దాం: తిరుప్పుళి నిటారుగా నిలవకపోతే తిప్పవద్దు.

కాదనే వారు కింద రాయండి. వచ్చే మీటింగుకు ముందే తేల్చుకుందాం.