ఆ కంటె ఏమైంది?

డబ్లిన్‌లో, కిల్డేర్ వీధిలోని ఐర్లండ్ జాతీయ మ్యూజియంలో ఒక ప్రదర్శనకు పేరు ‘ఓర్’. ఐరిష్ భాషలో బంగారం అని. ఆ అద్దాల ముందు నిలబడ్డ తెలుగువారి నోట మొదట వచ్చే మాట ‘కంటె’ అనే అనుకుంటాను. నాలుగు వేల ఏళ్ల కిందట బంగారాన్ని పలచటి రేకుగా సాగగొట్టి, నెలవంకలా మలిచిన మెడనగలవి. పశ్చిమ యూరప్‌లో ఇలాంటివి నూటికి పైగా దొరికితే, 80కి పైగా ఐర్లండ్ నేలలోవే.

ఎవరో నేలలో పెట్టి మళ్లీ తీసుకోలేదు కనుకే ఇటువంటివి మిగిలాయి. క్లేర్ కౌంటీ గ్లెనిన్షీన్‌లో 1932లో ఒక రాతి పగులులో దొరికిన కంఠాభరణం సుమారు 2,700 ఏళ్లనాటిది. అదే కౌంటీలో 1854లో రైలుదారి వేస్తున్న కూలీలకు 150కి పైగా బంగారు వస్తువులు ఒక్కచోట దొరికాయి. చాలా భాగం మూసలో కరిగిపోయింది. ఆ కూలీల మీద నాకు కోపం లేదు. బంగాళాదుంప పంట కుళ్లి లక్షలమంది చచ్చిన కరువు తీరి అప్పటికి కొద్దేళ్లే. మన ఇళ్లలో మాత్రం? అమ్మమ్మ కంటె కరిగి అమ్మ నెక్లెస్ అవుతుంది, తరుగు పోగా మనవరాలి గాజులవుతుంది. బంగారం ఇంట్లోనే ఉంటుంది, నగ పోతుంది.

మనకు మిగిలింది మాట. పైడి విజయనగరంలో పైడితల్లి అయింది. పుత్తడి గురజాడ చేతిలో పూర్ణమ్మ అయింది, డబ్బుకు ముసలివాడికి కట్టబెట్టిన పిల్ల. బిడ్డను మనం ‘బంగారు తల్లీ’ అంటే, ఐరిష్ తల్లి ‘అ స్టోర్’ అంటుంది, నా నిధీ అని.

కానీ ఆ నెలవంక నగను ఆనాటి ఆడవాళ్లో మగవాళ్లో ఏమని పిలిచారో చెప్పే రాత లేదు. ‘లునులా’ అన్నది తర్వాతి పండితులు పెట్టిన లాటిన్ పేరు, చిన్న చందమామ అని. మన సంగతి తలకిందులు. కంటె, నాను, పట్టెడ, దండకడియం, చంద్రవంక. పేర్లున్నాయి, తీసి చూపించమంటే చాలా ఇళ్లలో వస్తువు లేదు. ఇప్పుడు పేర్లూ జారిపోతున్నాయి. పట్టెడను దుకాణంలో ‘చోకర్’ అని అమ్ముతున్నారు.

కాబట్టి పాఠకులకు ఒక మనవి. పాత నగ కరిగించక తప్పకపోతే, కంసాలి దగ్గరికి వెళ్లేముందు ఫొటో తీయండి. ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని ఏమనేవారు, ఎవరికి పెట్టారు, ఎన్ని తులాలు, ఏ అవసరానికి తాకట్టు వెళ్లి వచ్చింది, రాసి పంపండి. వచ్చే సంచిక నుంచి వాటికి ఒక పేజీ ఉంచుతున్నాం.