తాళం చెవి చేతికి అందాకే ఇల్లు మనది

రిజిస్ట్రేషన్ అయింది. పైకమంతా ముట్టింది. 'భాయ్, పిల్లల పరీక్షలు అయ్యేదాకా రెండు నెలలు ఇక్కడే ఉంటాం' అన్నాడు ఇల్లు అమ్మినాయన. కొన్నాయన మొహమాటానికి సరేనన్నాడు. రెండు నెలలు కాస్తా ఆరు నెలలయ్యాయి. పాపం, ఆయన తానుంటున్న ఇంటికి అద్దె కడుతూ, సొంత ఇంటి గడప ముందు నిలబడి బతిమాలుకుంటున్నాడు. ఇలాంటి కథలు మన పేటల్లో కొత్త కాదు.

అమ్మినవారు కొన్నాళ్లు అక్కడే ఉండాలని కోరడం తప్పు కాదు. హజ్రత్ జాబిర్ (రజి) తన ఒంటెను దైవప్రవక్త (స)కు అమ్ముతూ, మదీనా చేరేదాకా దానిపైనే ప్రయాణిస్తానని షరతు పెట్టారు. ప్రవక్త (స) అంగీకరించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఈ ఉదంతం ఉంది. అయితే ఆ షరతుకు మదీనా అనే హద్దు ఉంది. మన వ్యవహారాల్లో లోపిస్తున్నది ఆ హద్దే.

హంబలీ పండితులు నిర్ణీత గడువుతో ఇలాంటి షరతును అనుమతించారు. హనఫీ పండితులు అమ్మకంలోనే ఈ షరతు కలపడాన్ని ఒప్పుకోరు. కాబట్టి అమ్మకం పూర్తి చేసుకుని, తర్వాత వేరుగా అద్దె ఒప్పందం రాసుకోవడం మేలు. అందులో ఖాళీ చేసే తేదీ, అద్దె, గడువు దాటితే రోజుకు ఎంత చెల్లించాలో స్పష్టంగా ఉండాలి.

ధరలో కొంత మొత్తాన్ని ఆ తేదీన, తాళం చెవి అందుకుంటూ చెల్లించేలా దస్తావేజులో రాయించుకోవాలి. దీనివల్ల అమ్మినవారికీ అన్యాయం జరగదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, రావలసిన బాకీకి ఆ ఇంటిపైనే వారికి హక్కు ఉంటుంది. ఇంటిని స్వాధీనపరచే బాధ్యతను కూడా ఆ సెక్షనే అమ్మినవారిపై పెట్టింది. కానీ వారు మొండికేస్తే సివిల్ కోర్టు మెట్లెక్కక తప్పదు. ఇంట్లో వాళ్లుండగానే 'ఈ దినమే స్వాధీనపరచితిమి' అని రాసిన దస్తావేజుపై సంతకం చేస్తే, అబద్ధానికి మనమూ సాక్షులమవుతాం.

మరో ముఖ్య విషయం. కొనేముందు ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో స్వయంగా వెళ్లి చూడాలి. తండ్రి ఆస్తిలో వాటా ఉన్న అక్కో, చెల్లో అక్కడ ఉంటూ ఉండవచ్చు. ఇంట్లో నివసిస్తున్న వ్యక్తికి ఉన్న హక్కు కొనేవారికి తెలిసినట్టే చట్టం భావిస్తుంది. 'నాకు తెలియదు' అంటే చెల్లదు. పైగా ఆడపడుచు వాటా కాజేసి అమ్మిన ఇంట్లో బర్కత్ ఎక్కడిది?

'మనవాళ్లే కదా, రాతకోతలెందుకు' అనకండి. గడువు పెట్టుకున్న అప్పును రాసుకోమనీ, క్రయవిక్రయాలకు సాక్షులను పెట్టుకోమనీ దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 282వ ఆయతులో ఆదేశించింది. రాసుకోవడం అపనమ్మకం కాదు. రేపు సలాం చెప్పుకోవడానికి మొహాలు మిగిలేలా చూసుకోవడం.