ఒకే గాటన కట్టొద్దు

కిడ్నీలోని వడపోత గుళికలు మచ్చపడే జబ్బు ఎఫ్ఎస్‌జీఎస్‌. కణజాలం తీరును బట్టి 2004 నాటి కొలంబియా వర్గీకరణ దాన్ని ఐదు రకాలు చేసింది. గుళిక ముడుచుకుపోయే ‘కొలాప్సింగ్’ రకం ఆఫ్రికా మూలాలవారిలో మిగతావారికంటే ఎక్కువ. ఏపీఓఎల్‌1 జన్యువుకు వారిలో ఈ జబ్బు వెనక ఉన్న పాత్ర 2010లో తేలింది. మన ఆసుపత్రుల్లో ప్రత్యేక లక్షణమేదీ లేని ‘ఎన్‌ఓఎస్‌’దే పైచేయి. సరే, భారతీయులందరినీ ఒకే గాటన కడితే ఎలా? నాయకరాజుల కాలం నుంచీ మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో స్థిరపడ్డ మన నాయుళ్లు, రెడ్లు తరతరాలుగా తమలో తామే వియ్యమందారు, మేనరికాలతో సహా. ఈ జబ్బుకు ఒక కారణమైన పోడోసిన్ జన్యులోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమిస్తేనే జబ్బవుతుంది, దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లలో ఆ అవకాశం ఎక్కువ. అది స్టెరాయిడ్లకూ సాధారణంగా లొంగదు. స్టెరాయిడ్లకు లొంగని పిల్లల కేసు షీటులో కులం కాదు, అమ్మానాన్నల చుట్టరికం రాయండి డాక్టరుగారూ.