పురిటి బిడ్డకు ఆపరేషన్: విశాఖ చేరేలోపే సగం పని జరగాలి

శ్రీకాకుళం: కవిటిలోనో, మందసలోనో కాన్పయిన బిడ్డకు కొద్ది గంటల్లోనే నోటి వెంట నురగ మొదలవుతుంది. తుడిచిన కొద్దీ వస్తూనే ఉంటుంది. బిడ్డ ఏడుస్తాడు, చూడటానికి బాగానే ఉంటాడు. గొంతు తడుపుదామని ఇంటి పెద్దలు పంచదార నీళ్ళో తేనెచుక్కో పోస్తారు. మరుక్షణం బిడ్డ ఉక్కిరిబిక్కిరై నీలం తిరుగుతాడు. అన్నవాహిక మధ్యలో మూసుకుపోయి పుట్టిన బిడ్డల తీరు ఇది. సుమారు మూడు నాలుగు వేల కాన్పుల్లో ఒకరికి ఈ లోపం ఉంటుంది. మలద్వారం లేకుండా పుట్టేవారు ఇంచుమించు ఐదు వేలకు ఒకరు. ఇద్దరికీ ఆపరేషన్ తప్ప దారి లేదు.

ఆపరేషన్ అనగానే అందరి దృష్టీ సర్జన్ మీదికే పోతుంది. కాని బిడ్డ బతకడం కత్తి ఒక్కదాని మీదే ఆధారపడి లేదని లెక్కలు చెబుతున్నాయి. 74 దేశాల్లోని 264 ఆసుపత్రుల్లో పేగులు, అన్నవాహిక వంటి భాగాల్లో లోపాలతో పుట్టిన 3,849 మంది బిడ్డలపై జరిపిన పరిశీలన ఫలితాలు 2021లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడ్డాయి. ధనిక దేశాల్లో నూటికి 5.6 మంది చనిపోగా, మధ్యతరగతి దేశాల్లో 20.4 మంది, పేద దేశాల్లో 39.8 మంది చనిపోయారు. బొడ్డు పక్క కన్నం గుండా పేగులు బయటికి వచ్చిన బిడ్డల సంగతి మరీ ఘోరం. ధనిక దేశాల్లో చావులు నూటికి 1.4 అయితే, పేద దేశాల్లో 90. ఆసుపత్రి చేరేసరికే రక్తంలో చీము పట్టి ఉండటం, ఊపిరి యంత్రం గాని నరం ద్వారా ఇచ్చే ఆహారం గాని అవసరమైనప్పుడు లేకపోవడం ఈ చావులతో ముడిపడి ఉన్నాయని ఆ పరిశీలనలో తేలింది. అంటే ఆపరేషన్‌కు ముందూ, తరువాతా జరిగే చాకిరీలోనే తేడా ఉన్నదన్నమాట.

ఇక మన జిల్లా సంగతి. ఇచ్ఛాపురం నుంచి విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి రోడ్డు మీద సుమారు 250 కిలోమీటర్లు. పురిటి బిడ్డకు అది దూర ప్రయాణం. పసిబిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. తడి బట్టతో, నెత్తికి టోపీ లేకుండా, ఆటోలో ఎదురుగాలికి తీసుకుపోతే అది ఇట్టే పడిపోతుంది. చల్లబడ్డ బిడ్డకు రక్తంలో చక్కెర తగ్గుతుంది, ఊపిరి అందదు, మత్తు ఇవ్వడం ప్రమాదమవుతుంది. అప్పుడు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ ఆపి, ముందు బిడ్డను వెచ్చబెట్టుకోవలసి వస్తుంది.

కాన్పు చేసిన చోటే నర్సు చేయదగిన పనులు చాలా ఉన్నాయి. వీటికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. బిడ్డ నోటికి ఏమీ పెట్టకూడదు. పేగు మూసుకుపోయి పొట్ట ఉబ్బితే సన్నని గొట్టం వేసి కడుపులోనిది బయటికి తీయాలి. అన్నవాహిక లోపమైతే తల ఎత్తుగా ఉంచి, దారి పొడవునా లాలాజలం లాగేస్తూ ఉండాలి. లేకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పేగులు బయటికి వచ్చిన బిడ్డకు పొడి బట్ట కప్పడం తప్పు. శుభ్రమైన పలుచని ప్లాస్టిక్ కాగితంతో చుట్టి, బిడ్డను పక్కకు పడుకోబెట్టాలి. పుట్టిన వెంటనే ఇచ్చే విటమిన్ కె సూది ఇచ్చిందీ లేనిదీ కాగితం మీద రాసి పంపాలి. ఈ ఒక్క ముక్క రాయక జరిగే ఆలస్యం చిన్నది కాదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకం పేదల ఆపరేషన్ ఖర్చు భరిస్తోంది. జబ్బు చేసిన పురిటి బిడ్డకు సర్కారు ఆసుపత్రిలో వైద్యం, రవాణా ఉచితమని 2011లోనే కేంద్రం ప్రకటించింది. 2020 జూలై 1న రాష్ట్రంలో ప్రారంభమైన కొత్త 108 వాహనాల్లో 26 కేవలం పురిటి బిడ్డల కోసం ఉద్దేశించినవి. అప్పటి 13 జిల్లాలకు పంచితే జిల్లాకు రెండు. ఒకటి విశాఖ వెళ్ళిందంటే తిరిగి వచ్చేదాకా మిగిలింది ఒక్కటే. కాగా, 2013లో ప్రారంభమైన బాలల ఆరోగ్య పరీక్షల పథకంలో 9 రకాల పుట్టుక లోపాల జాబితా ఉంది. గ్రహణం మొర్రి, వంకర పాదాలు, గుండె జబ్బులు అందులో ఉన్నాయి. అన్నవాహిక మూతపడటం, మలద్వారం లేకపోవడం ఆ తొమ్మిదింటిలో లేవు! గంటల్లో తేలవలసిన లోపాలే జాబితాకు ఎక్కకపోవడం విచిత్రమే.

అసలు కొరత నర్సులది. పురిటి బిడ్డల ప్రత్యేక విభాగాల్లో ప్రతి షిఫ్టుకు మూడు నాలుగు పడకలకు ఒక నర్సు ఉండాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతాయి. ఆపరేషన్ అయి ఊపిరి యంత్రం మీద ఉన్న బిడ్డ దగ్గరైతే ఒక మనిషి అచ్చంగా ఉండవలసిందే. గంటగంటకూ మూత్రం కొలవాలి, చక్కెర చూడాలి, సెలైన్ చుక్కలు లెక్కపెట్టాలి. అన్నవాహిక కుట్టు గుండా వేసిన గొట్టం ఊడితే నర్సు దాన్ని తిరిగి తోయరాదు, సర్జన్‌ను పిలవాలి. తోస్తే కుట్టు తెగుతుంది. ఇంత నేర్చిన నర్సును మరో వార్డుకు మార్చితే, కొత్తగా వచ్చినామె మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

నొప్పి సంగతి మరొకటి. పసికందుకు నొప్పి తెలియదని 1980ల దాకా పెద్ద పెద్ద దేశాల వైద్యులే నమ్మి, చాలీచాలని మత్తుతో కోసేవారు. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసిన కన్వల్‌జీత్ ఆనంద్ బృందం 1987లో అది తప్పని నిరూపించింది. బిడ్డ నోరు విప్పి చెప్పలేడు గనుక ముడుచుకున్న కనుబొమలు, బిగిసిన పిడికిళ్ళు, గుండె వేగం చూసి నర్సే కనిపెట్టాలి.

చాలాసార్లు బిడ్డతో తండ్రి విశాఖ వెళతాడు. సిజేరియన్ అయిన తల్లి ఇక్కడే మంచం మీద ఉండిపోతుంది. ఆమె చేత రెండు మూడు గంటలకోసారి పాలు పిండించకపోతే, బిడ్డకు నోటితో పట్టే రోజు వచ్చేసరికి పాలు ఇంకిపోతాయి. దీన్ని గుర్తు చేసే నాథుడు ఉండటం లేదు.

మలద్వారం లేని బిడ్డకు సాధారణంగా ముందు పొట్ట మీద పేగుకు దారి చేసి ఇంటికి పంపుతారు. అసలు ఆపరేషన్ కొన్ని నెలల తరువాత. అంతవరకూ నర్సు తల్లే. పేగు అంచు ఎర్రగా, తడిగా ఉంటే క్షేమం. నల్లబడినా, నీలమైనా, లోపలికి గుంజుకుపోయినా, పొట్ట ఉబ్బి పచ్చటి వాంతి అయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. సంచులు దొరకని చోట మెత్తని పాత నూలు గుడ్డ చాలు, తడిసిన ప్రతిసారీ మార్చి, మామూలు నీటితో కడిగి ఆరబెట్టాలి. ఆశా కార్యకర్తలు కాన్పయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్ళవలసి ఉంది. ఆ గుడ్డ విప్పి పేగు రంగు చూడటం వారికి నేర్పితే అదనంగా అయ్యే ఖర్చు ఏమీ లేదు.