వీధివాకిలి, దొడ్డివాకిలి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో నేడు సెల్‌ఫోను లేని ఇల్లు అరుదు. ఎడారి దేశమునకు పోయిన కుమారుడు తల్లిదండ్రులకు ముఖము చూపునది అందే; అతడు చెమటోడ్చి పంపిన సొమ్ము చేరినదని తెలియునది అందే. బీడీలు చుట్టు ఆడుబిడ్డ కూలియు, సాంచాల నడుమ రాత్రింబవళ్లు నిలుచు నేతకార్మికుని కూలియు, రైతునకు సర్కారు ఇచ్చు సాయమును బ్యాంకులో పడినవని వార్త తెచ్చునది అదియే. ఒకప్పుడు ఇనుపపెట్టెలో దాచిన సర్వస్వమును నేడు మనము అంగీ జేబులో వేసికొని తిరుగుచున్నాము. అట్టి పెట్టెలోనికి ఎవడు ఏ దారిని వచ్చుచున్నాడో విచారించుట చదువుకొన్న కుర్రవాండ్ర పని మాత్రమే యని ఊరకుండుట ఇక చెల్లదు.

ఆండ్రాయిడ్ ఫోనునకు రెండు వాకిళ్లు కలవు. ఒకటి వీధివాకిలి. అది గూగుల్ సంస్థవారి ప్లేస్టోరు అను అంగడి. అందు చేరు యాప్‌లను ఆ సంస్థ కొంత పరీక్షించి పెట్టును. రెండవది దొడ్డివాకిలి. అంగడితో సంబంధము లేకుండ, ఏపీకే యను పేరుగల ఫైలును ఏ వెబ్‌సైటునుండియో, వాట్సాప్ సందేశమునుండియో, స్నేహితుని మెమరీకార్డునుండియో తెచ్చి ఎక్కించుకొనుట. ఫోను మొదట దీనికి ఒప్పుకొనదు. ఇది తెలియని చోటునుండి వచ్చినదని హెచ్చరించి అనుమతి కోరును. యజమాని సరేయనిన పిమ్మట గడియ తీయును. ఆ సరే యను ఒక్క మాటలోనే నేటి కథయంతయు ఉన్నది.

దొంగ ఈ గడియను పగులగొట్టడు, మనచేతనే తీయించును. రైతునకు పీఎం కిసాన్ పేర, బండి గలవానికి చలానా పేర, ఖాతాదారునకు స్టేట్ బ్యాంకు రివార్డు పాయింట్ల పేర, అందరికిని పెండ్లిపత్రిక పేర ఒక ఏపీకే ఫైలు వచ్చును. అది పరాయి నంబరునుండియే వచ్చునన్న నియమము లేదు. బావమరది ఫోను నిన్ననే దొంగలపాలై యుండిన, నేడు బావమరది పేరుతోనే మనకు పెండ్లిపిలుపు వచ్చును. ఎవరి పెండ్లియో యని ఆత్రముతో నొక్కుదుము. పెండ్లియు లేదు, పందిరియు లేదు. సందేశములు చదువు అనుమతిని కోరగా ఇత్తుము. తెరను చూచుటకును తాకుటకును శక్తినిచ్చు మరియొక అనుమతిని కోరగా, వికలాంగుల సౌకర్యార్థము ఏర్పడిన దానినిగూడ ధారపోయుదుము. ఇక బ్యాంకువారు పంపు ఓటీపీ మన కంటబడకముందే వాని చేత బడును. ఓటీపీని ఎవరికిని చెప్పవద్దని పదేండ్లనుండి నేర్చుకొన్న పాఠము ఇచ్చట పనికిరాదు. మనము చెప్పలేదు, వాడు అడుగనులేదు, వాడు మన ఇంటనే కూర్చుండి చదువుకొన్నాడు.

ఇంతవరకు విన్నవారెల్లరు దొడ్డివాకిలికి గోడ కట్టుడని కేక వేయుదురు. గూగుల్ సంస్థయు ఇంచుమించు ఆ మాటయే పలుకుచున్నది. ప్లేస్టోరులోకంటె అంతర్జాలమునుండి నేరుగా ఎక్కించుకొను యాప్‌లలో దుష్టయాప్‌లు 50 రెట్లకు మించి కనబడినవని ఆ సంస్థ 2025 ఆగస్టులో ప్రకటించినది. ఆ లెక్కను మేము కాదనము. కాని వీధివాకిలి చరిత్రనుగూడ జ్ఞాపకముంచుకొనుట న్యాయము.

2020 డిసెంబరు మాసమున మన రాష్ట్రమున అప్పుయాప్‌ల వేధింపులు తాళలేక ప్రాణములు తీసికొన్నవారి వార్తలు పాఠకులు మరచియుండరు. ఆ యాప్‌లన్నియు దొడ్డిదారిని వచ్చినవి కావు; వానిలో పెక్కు ప్లేస్టోరు అరుగుమీద దీపము పెట్టుకొని కూర్చున్నట్టివే. భారతదేశపు ఆండ్రాయిడ్ వినియోగదారులకు 80కి పైగా యాప్ అంగళ్లలో సుమారు 1,100 అప్పుయాప్‌లు దొరకుచున్నవనియు, వానిలో 600 చట్టవిరుద్ధములనియు రిజర్వు బ్యాంకు నియమించిన సంఘము 2021 నవంబరులో వెల్లడించినది. 2022 సెప్టెంబరు మొదలు 2023 ఆగస్టు వరకు ఒక్క ప్లేస్టోరునుండియే 2,200లకు పైగా అప్పుయాప్‌లను తొలగించిరని కేంద్రప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినది. తొలగించుట మెచ్చదగినదే. కాని తొలగింపబడుటకు ముందు అవి అందుండినవి గదా! కంచె చేను మేయుట యన నిట్టిదే. కావున వీధివాకిలినుండి వచ్చినవాడెల్ల చుట్టమనియు, దొడ్డివాకిలినుండి వచ్చినవాడెల్ల దొంగయనియు తీర్పు చెప్పుటకు వీలులేదు.

మరియొకటి. అంగడి యొక్కటే యైనచో అంగడివాని మాటయే శాసనము. 2024 మార్చి 1వ తేదీన, రుసుము తగాదా కారణముగ, భారత్ మాట్రిమొనీ, నౌకరీ మున్నగు స్వదేశ యాప్‌లను గూగుల్ తన అంగడినుండి తొలగించినది. కేంద్రమంత్రి జోక్యముచే కొలదిదినములలోనే మరల పెట్టినది. తగవులో న్యాయము ఎవరిదైనను, ఈ దేశపు వర్తకుడు ఈ దేశపు కొనుగోలుదారుతో మాటాడుటకు సముద్రమున కావలనున్న ఒక సంస్థ సెలవు కావలసివచ్చెనన్నది మాత్రము నిజము. అంతకుముందే, 2022 అక్టోబరు 20న, మన కాంపిటీషన్ కమిషన్ ఈ సంస్థకు 1,337.76 కోట్ల రూపాయల జుల్మానా విధించి, ఇతర అంగళ్లకు చోటీయవలెననియు, నేరుగా యాప్‌లు ఎక్కించుకొనుటకు అడ్డుపడరాదనియు ఆదేశించినది. 2023 మార్చి 29న అప్పిలేటు ట్రిబ్యునల్ జుల్మానాను నిలిపి, ఈ రెండు ఆదేశములను కొట్టివేసినది. పర్యవసానమేమి? 2024 ఫిబ్రవరి 21న ఫోన్‌పే సంస్థ తెలుగుతోసహా 12 భారతీయ భాషలలో ఇండస్ యాప్‌స్టోరు అను అంగడి తెరచినపుడు, దానిని ప్లేస్టోరులో పెట్టు వీలు లేక, దొడ్డివాకిలినుండియే జనుల ఫోనులలోనికి రావలసివచ్చినది. ఆ ఫోన్‌పేలో అధికభాగము అమెరికా వాల్‌మార్టుదే యన్న సంగతిని దాచి, దానిని స్వదేశీ యని నెత్తిన పెట్టుకొనుమని మేము చెప్పము. దొడ్డివాకిలి మూసినచో మూతబడునవి దొంగల దారులు మాత్రమే కావని చూపుటకే దీనిని ఉదాహరించితిమి.

ఇప్పుడు ఆ వాకిలికే కొత్త కావలి రానున్నది. యాప్ తయారుచేయువాడు, ప్లేస్టోరులో పెట్టినను పెట్టకున్నను, తానెవరో గుర్తింపుపత్రములతో తమయొద్ద నమోదు చేసికొనవలెననియు, కానియెడల సర్టిఫై అయిన ఆండ్రాయిడ్ ఫోనులలో ఆ యాప్ ఎక్కదనియు గూగుల్ 2025 ఆగస్టు 25న ప్రకటించినది. 2026 సెప్టెంబరున బ్రెజిలు, ఇండొనేషియా, సింగపూరు, థాయిలాండు దేశములలో మొదలిడి, 2027 నుండి తక్కిన దేశములకు వ్యాపింపజేసెదమనినది. మూలగ్రంథము బహిరంగముగానున్న స్వేచ్ఛా యాప్‌లను మాత్రమే ఉంచి, లాభాపేక్షలేక నడచుచున్న ఎఫ్-డ్రాయిడ్ అను భాండాగారమువారు దీనివలన తమ మనుగడకే ముప్పని మొరపెట్టిరి. నిరసనలు పెరుగగా, ప్రమాదము తెలిసి ఎక్కించుకొనగోరు అనుభవజ్ఞులకు వేరొక మార్గము నుంచెదమని నవంబరులో ఆ సంస్థయే పలికినది. ఆ మార్గము ఇరుకుసందు కాకుండుట అవసరము.

మా పాఠకులకు ఈ తగవు విత్తనముల తగవువలెనే కనబడవలయును. నకిలీ విత్తనముల దెబ్బ ఏమో ఈ ప్రాంతపు రైతునకు ఒకరు చెప్పవలసినది లేదు. తొలకరి వేళ సంచి మీద బొమ్మ చూచి, రశీదులేని గింజలు కొని, పూత లేని పైరు ముందు కూలబడిన అనుభవము పల్లెపల్లెకు కలదు. అయినను, నకిలీ గింజలున్నవి గనుక రైతు తన పంటనుండి విత్తనము దాచుకొనరాదని, పొరుగువానితో మార్చుకొనరాదని ఈ దేశము శాసించెనా? లేదు. 2001వ సంవత్సరపు చట్టము రైతు తన విత్తనమును దాచుకొనుటకు, విత్తుటకు, మార్చుకొనుటకు హక్కునిచ్చినది. బ్రాండు పేరు పెట్టి అమ్మరాదని మాత్రమే నిబంధన విధించినది. మోసమును శిక్షించుట వేరు. ఇచ్చిపుచ్చుకొనుటను బంధించుట వేరు. ఫోను విషయమునను ఈ వివేకమే చాలును.

అమ్మువాడు తన పేరు చెప్పవలెననుట తప్పని మేము అనము. వేలకొలది జనులకు యాప్ పంచువాడు ముసుగు తీయుట మంచిదే. కాని పేర్ల చిట్టా ఒక్క కంపెనీ పెట్టెలో నుండి, ఎవరిని ఉంచవలెనో ఎవరిని కొట్టివేయవలెనో దాని చిత్తమునకే విడుచుట మంచిది కాదు. సభ జరుపుకొనుటకు గస్తీ నిషాన్ 53 క్రింద ముందుగా సెలవు పుచ్చుకొనవలసివచ్చిన కాలము నిజాము రాజ్యపు తెలుగువారి పెద్దల జ్ఞాపకమున నున్నది. ఆ నిబంధననుగూడ శాంతిభద్రతల పేరనే సమర్థించిరి. సెలవిచ్చువాడు మంచివాడా చెడ్డవాడా యన్నది కాదు ప్రశ్న. మన ఇంటికి ఎవరు రావలెనో చెప్పు అధికారము అతనికెందుకన్నదే ప్రశ్న. ఫోను కొన్నవాడు ఫోను యజమాని. తాళము అతనియొద్దనే ఉండవలయును. తాళమెట్లు వాడవలెనో నేర్పుట లోకుల ధర్మము.

ఆ నేర్పుటయందే మనవారందరు తప్పినారు. హెచ్చరిక తెరమీద తోచునప్పుడు అది అర్థము కాని భాషలో, అర్థము కాని మాటలతో నుండును. ఈ యాప్ మీ బ్యాంకు సందేశములు చదువగలదు, మీ సొమ్ము పోవచ్చునని తేటతెలుగున పెద్ద అక్షరములతో చెప్పిన, అక్షరాస్యుడైన ప్రతివాడును ఒక్కక్షణము ఆగును. 2024లో సింగపూరున మొదలిడి పిదప మనదేశమునకు తెచ్చిన రక్షణ పద్ధతి, సందేశములు చదువ గోరు పరాయి యాప్‌లను ఎక్కకుండ ఆపుచున్నది, అది మేలే. బ్యాంకులు, మీసేవ కేంద్రములు, వ్యవసాయశాఖ, రవాణాశాఖ తాము ఏనాడును ఏపీకే ఫైలు పంపమని ఒకే వాక్యమును గోడలమీద వ్రాయింపవలయును. సర్కారు యాప్‌లకు సీ-డాక్ సంస్థ నెలకొల్పిన మొబైల్ సేవా యాప్‌స్టోరు కలదని ఎందరికి తెలియును? తెలియని అంగడి లేని అంగడితో సమానము.

పాఠకులకు మా విన్నపము కొలదిమాటలలోనిది. సందేశములో వచ్చిన యాప్‌ను, పంపినవాడు కన్నకొడుకే యైనను, ఎక్కింపవలదు. ముందు ఫోను చేసి, నీవేనా పంపితివని అడుగుడు. పెండ్లిపత్రిక బొమ్మగా వచ్చును, కాగితముగా వచ్చును, యాప్‌గా రాదు. అంగడి వెలుపలినుండి తెచ్చుకొనవలసియున్నచో, తయారుచేసినవారి స్వంత వెబ్‌సైటునుండియో, ఎఫ్-డ్రాయిడ్ వంటి పేరుగల భాండాగారమునుండియో తెచ్చుకొనుడు. 2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధింపబడిన పిమ్మట టిక్‌టాక్ ప్రో అను నకిలీ ఏపీకే పుట్టి ఎందరినో వలలో వేసిన సంగతి గుర్తుంచుకొనుడు. దొరకనిదానిపై మోజు దొంగకు మొదటి పెట్టుబడి. పని ముగిసినతోడనే వాట్సాప్‌నకో బ్రౌజరునకో ఇచ్చిన అనుమతిని తిరిగి తీసివేయుడు. చుట్టము పోయిన పిదప దొడ్డితలుపు వేయమా? దీపము చూపు యాప్ సందేశములు చదువగోరినచో, దీపమునకు ఉత్తరములతో పనియేమని ప్రశ్నించుకొనుడు.

చేయి కాలినచో సిగ్గుపడి కూర్చుండవలదు. వెంటనే ఆ ఫోనునకు నెట్ ఆపి, వేరొక ఫోనునుండి బ్యాంకునకును, 1930 నంబరునకును తెలుపుడు. ఖాతాదారుని అజాగ్రత్తచే సొమ్ము పోయినచో, అతడు బ్యాంకునకు తెలుపువరకు జరిగిన నష్టము అతనిదనియు, తెలిపిన తర్వాత జరిగినది బ్యాంకుదనియు 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తరువు విధించినది. కావున ఆలస్యమే నష్టము. పిమ్మట బంధుమిత్రులకు, మా పేరుతో వచ్చు ఫైలు తెరవకుడని చెప్పుడు. పరువు పోవునని దాచినచో, మన పేరుతోనే మనవారి ఇండ్లు దోచబడును.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిననాటినుండి తెలంగాణమున పఠనమందిరము కేవలము పుస్తకముల కొట్టు కాలేదు; చదివినవాడు చదువనివానికి చెప్పు చావడియైనది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గ్రంథాలయములలో ఈ పత్రిక చదువు సోదరులు వారమున కొక సాయంత్రము కేటాయించి, బీడీలు చుట్టు అక్కలను, సాంచాలు నడుపు అన్నలను, కొడుకులు పరదేశముననున్న ముసలి తల్లిదండ్రులను కూర్చుండబెట్టుకొని, వారి ఫోనులలో ఏ యాప్‌నకు ఏ అనుమతి యున్నదో చూపవలయునని మా కోరిక. గోడ కట్టుట సులభము. కాని గోడ కట్టినవాడే రేపు ఇంటికి యజమాని యగును. తాళము పట్టుట నేర్చినవాని ఇంటికి రెండు వాకిళ్లున్నను భయము లేదు.